విపత్తు – విదేశీ సహాయం – మన బాధ్యత

ప్రకృతి గీసిన గీతలు వేరు, ప్రభుత్వాలు గీసిన సరిహద్దులు వేరు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తమిళనాడుకు పోవాలో, ఆంధ్రతీరానికి రావాలో, ఒడిశాను తప్పించుకొని బంగ్లాదేశ్‌మీద విరుచుకుపడాలో ఏ దేశపు విదేశాంగశాఖనూ అడిగి నిర్ణయించుకోదు. అందుచేత ఒక తీరంలో చేసిన జాగ్రత్త ఇరుగుపొరుగు తీరాలకు కూడా కొంత రక్షణ అవుతుంది. ఒక తీరంలో చూపిన నిర్లక్ష్యం అందరికీ ముప్పు తెస్తుంది. విపత్తులకు ముందుగా సిద్ధపడడానికి, పొరుగు ప్రాంతాల భద్రతకు ప్రభుత్వాలు చట్టం చేసి ధనం కేటాయించాలా? మన ధనం పరాయి దేశాలకు వెళ్ళవచ్చునా? పరాయి దేశాల ధనం మనం స్వీకరించవచ్చునా? ఇవి ఢిల్లీకీ వాషింగ్టన్‌కూ సంబంధించిన ప్రశ్నలనీ, అన్నవరం పరిసరాల్లో చదువుకొనే విద్యార్థికి వీటితో నిమిత్తం లేదనీ భావించడం పొరపాటు. రత్నగిరికి కార్తీకమాసపు యాత్రికులు వేలాదిగా తరలివచ్చే రోజులే మన తీరానికి తుపానుల రోజులు కూడా. ఉప్పాడలో అల ఒక్కొక్క ఇంటినే కోసుకొనిపోవడం ఈ ప్రాంతంవారు చూస్తున్నదే. ఈ ప్రశ్న మన గడపలోనే ఉన్నది.

తెలుగు బోధించేవాడిని గనుక ముందుగా మాటల సంగతి ఒకటి ప్రస్తావిస్తాను. తీరాన్ని ముంచే సముద్రపు పొంగుకు 'ఉప్పెన' అనే చక్కని మాట మన తెలుగులోనే ఉన్నది. దానిని తరుముకొనివచ్చే గాలివానకు మాత్రం 'తుపాను' అనే మాటను మనం ఉర్దూ, పారసీకాల ద్వారా తెచ్చుకొన్నాం. 'ఖర్చు', 'బాకీ', 'జమ', 'రసీదు', 'హక్కు' కూడా ఆ దారినే వచ్చి మన పల్లెల నాలుకలమీద స్థిరపడ్డాయి. విపత్తునుగురించి మాట్లాడవలసి వచ్చినపుడల్లా ఈ మాటలన్నీ వరుసగా అవసరం కావడం విశేషం. ఖర్చు ఎవరిది? బాకీ ఎవరిమీద? సహాయం పొందడం ఎవరి హక్కు? ఈ మూడింటికీ సమాధానం చెప్పగలిగిన చట్టమే మంచి చట్టం.

మన తీరపు చరిత్రను ఒకసారి తిరగవేద్దాం. గౌతమీ ముఖద్వారంలోని కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు, దేశాంతర వర్తకానికి కేంద్రం. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన దానిని తుడిచిపెట్టింది. రెండవ దెబ్బ తరువాత కోరంగి పూర్వవైభవాన్ని తిరిగి పొందలేదు. 1832–33 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన గోదావరి మండలాన్ని కుంగదీసిన పిదపనే సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను తలపెట్టి 1847లో పని ప్రారంభించి 1852లో ముగించాడు. ఈస్టిండియా కంపెనీ ఆ ధనాన్ని దయాధర్మమని వెచ్చించలేదు. శిస్తు పెరుగుతుందన్న లెక్కతోనే వెచ్చించింది. అయినా ఆ ఫలాన్ని డెల్టా ప్రజలు తరతరాలుగా అనుభవిస్తున్నారు. ఇచ్చేవాని మనసులో స్వలాభం ఉన్నంతమాత్రాన ఇచ్చినది వ్యర్థమని త్రోసిపుచ్చరాదు. ఆ స్వలాభం ఎంతో, మనకు దక్కేది ఎంతో ముందుగా లెక్క తేల్చుకోవాలి, అంతే.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి తక్కువ కాకుండా మరణించారు. 1990 మే నెలలో అంత ఉద్ధృతమైన తుపానే వచ్చినపుడు మరణాలు వేయికి లోపు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. ఆనాడు సుమారు వేయిమంది ప్రాణాలు కోల్పోయారు. సముద్రంలోను, నదీముఖాలలోను చిక్కుకొన్న మత్స్యకారులు వారిలో అనేకులు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణాన్ని హుద్‌హుద్ తాకినపుడు ఆస్తినష్టం అపారమైనా మరణాలు పదుల సంఖ్య దాటలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపానునాటికి ప్రజలను ముందుగా తరలించడం మన యంత్రాంగానికి అలవాటైన పని అయింది. గాలి బలం తగ్గలేదు, సముద్రం శాంతించలేదు. మారినది మన సన్నాహం. ముందుగా హెచ్చరిక, తలదాచుకొనడానికి ఎత్తయిన కట్టడం, అక్కడికి చేర్చే రోడ్డు, రమ్మని పిలిచే మనిషి—ఈ నాలుగూ కలిసి వేలాది ప్రాణాలను కాపాడాయి. ఈ నాలుగింటికీ ధనం కావాలి. ఆ ధనం గాలి వీచడానికి ముందే కావాలి.

అయితే ఆ ధనం ఎక్కడినుండి వచ్చింది? 1990 తుపాను తరువాత, 1996 తుపాను తరువాత ప్రపంచ బ్యాంకు ఋణంతోనే మన రాష్ట్రంలో పునర్నిర్మాణ పథకాలు నడిచాయి. 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాలలో ప్రారంభమైన జాతీయ తుపాను ముప్పు నివారణ పథకానికి ఆ బ్యాంకు అనుబంధసంస్థ 25 కోట్ల 50 లక్షల డాలర్లు సమకూర్చింది. తుపాను రక్షణ భవనాలు, వాటికి చేర్చే రోడ్లు, వంతెనలు, ఉప్పునీటి కట్టలు దానితో వెలిశాయి. హుద్‌హుద్ తరువాత 2015లో మరొక పథకం వచ్చి విశాఖలో విద్యుత్తు తీగలను భూగర్భంలోకి దించింది. వీటన్నింటినీ మనం సాధారణంగా 'విదేశీ సహాయం' అంటున్నాం. కాని వీటిలో అధికభాగం ఋణం. అరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత తెలిసిన జాతి మనది. తీర్చవలసిన అప్పును దానమని పిలిస్తే ఇచ్చినవారికి అనవసరమైన కృతజ్ఞత చెప్పడమే గాక, తీర్చేవాడైన సామాన్యునికి లెక్క అడిగే అధికారం లేకుండా చేసినవారమవుతాం.

నిజమైన దానమంటే ఏమిటో, అది సక్రమంగా నాటుకొంటే ఎంత ఫలిస్తుందో తెలుసుకొనడానికి పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌ను చూడాలి. 1970 నవంబరు 12న భోలా తుపానులో మూడు లక్షలకు పైగా జనం నశించారు. ఆ దుఃఖంలోనుండే 1972లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ అండతో తుపాను సన్నాహ కార్యక్రమం ఒకటి మొదలయింది. మరుసటి ఏడు ఆ ప్రభుత్వం దానిని తన కార్యక్రమంగా స్వీకరించింది. ఊరూరా స్వచ్ఛంద సేవకులు. వారి చేతిలో మెగాఫోను, సైరను, హెచ్చరిక జెండా. నేడు ఆ సేవకుల సంఖ్య 70 వేలకు పైబడింది. వారిలో సగం మంది స్త్రీలు. విదేశీ ధనం విత్తనం మాత్రమే అయింది. పొలమూ శ్రమా ఆ ప్రజలవే. సహాయం ఇట్లా స్థానికుల చేతికి చేరి, కాలక్రమాన వారి స్వంతమైపోయినపుడే సార్థకమవుతుంది.

ఇక మన దేశపు వైఖరి విచిత్రమైనది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మన రాష్ట్రంలోనే నూరుమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఆనాడు భారతప్రభుత్వం విదేశాలు ఇవ్వజూపిన తక్షణ సహాయాన్ని మర్యాదగా నిరాకరించి, తానే శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండోనేషియాకు నౌకలను పంపింది. అది ఆత్మగౌరవానికి సంకేతమని దేశం గర్వించింది. 2016లో ప్రకటించిన జాతీయ విపత్తు నిర్వహణ ప్రణాళిక మాత్రం మనం అడుగబోమనీ, సుహృద్భావంతో ఇతర దేశాలు తామై ఇస్తే స్వీకరించవచ్చుననీ పేర్కొన్నది. 2018లో కేరళ వరదలలో మునిగినపుడు గల్ఫ్ దేశం ఒకటి 700 కోట్ల రూపాయలు ఇవ్వనున్నదన్న మాట వినవచ్చింది. ఉన్న విధానం ప్రకారం మన అవసరాలను మన వనరులతోనే తీర్చుకొంటామని కేంద్రం తెలిపింది. 2021లో కరోనా రెండవ ఉద్ధృతిలో ఊపిరాడని వేళ అనేక దేశాల ప్రాణవాయువు సామగ్రిని స్వీకరించింది. ఒకనాడు వద్దనడం, మరొకనాడు కావాలనడం తప్పని నేననను. పరిస్థితులు మారతాయి. కాని ఏ పరిస్థితిలో వద్దనాలో, ఏ పరిస్థితిలో కావాలనాలో నిర్ణయించే సూత్రం శాసనంలో లేకపోవడం లోపం. సూత్రం లేనిచోట నిర్ణయం అధికారుల విచక్షణకు, ఆనాటి రాజకీయానికి వదలివేయబడుతుంది. మునిగిన ఇంటి కప్పుమీద కూర్చున్న కుటుంబానికి ఆ విచక్షణతో ఏమి పని?

నియంత్రించే చట్టాలు మాత్రం మనకు సమృద్ధిగా ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థలకు వచ్చే విదేశీ విరాళాలను క్రమబద్ధం చేయడానికి 1976లో ఒక చట్టం, దాని స్థానంలో 2010లో మరొకటి వచ్చాయి. 2020 సవరణతో ఒక సంస్థ తాను పొందిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమయింది. దుర్వినియోగాన్ని అరికట్టాలన్న ఉద్దేశం సబబైనదే. కాని నగరంలోని పెద్ద సంస్థ ద్వారా కొద్దిపాటి ధనం పొంది, సముద్రపు ఒడ్డున ఓ పల్లెలో పనిచేసే చిన్న సంఘానికి ఆ దారి మూసుకొనిపోయింది. తలుపుకు గొళ్ళెం బిగించిన చట్టం కిటికీ ఒకటి తెరిచి ఉంచవలసింది.

మనం ఇచ్చే సహాయానికి వద్దాం. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రంలో 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం వెలిసింది. 2011నుండి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు అది హిందూ మహాసముద్ర తీరదేశాలకు హెచ్చరికలు అందిస్తున్నది. ఢిల్లీలోని వాతావరణశాఖ బంగాళాఖాతం, అరేబియా సముద్రాల చుట్టూ ఉన్న దేశాలకు తుపాను సూచనలు పంపుతుంది. ఆ దేశాలన్నీ కలిసి తుపానులకు పేర్లు పెడుతున్నాయి. హుద్‌హుద్ అన్న పేరు ఒమన్ ఇచ్చినది. అది దూరదేశపు వార్తను మోసుకొనివచ్చిన పక్షి పేరని మన ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. పొరుగువానికి సకాలంలో వార్త అందించడమే అన్ని సహాయాలలో చౌకైనదీ, విలువైనదీ. 2015లో నేపాల్‌కు, 2023లో తుర్కియేకు, 2025లో మయన్మార్‌కు భూకంపాల వేళ మన దళాలు వెళ్ళి శిథిలాల్లో చిక్కుకొన్నవారికోసం వెతికాయి. ఇదంతా మనకు గర్వకారణమే. అయితే విదేశాలకు సహాయం చేయడాన్నిగురించి మనకు ప్రత్యేకమైన చట్టం లేదు. అది ఏటేటి బడ్జెటులో విదేశాంగశాఖ పద్దుగా ఉండిపోతున్నది. చట్టం ఉంటే చాలునా అంటే అదీ కాదు. అమెరికాలో 1961నుండి విదేశీ సహాయ చట్టం ఉన్నది. అయినా దశాబ్దాలపాటు ఆ సహాయాన్ని పంచిన సంస్థ అక్కడి ప్రభుత్వ నిర్ణయంతో 2025 జూలై 1నాటికి మూతపడి, మిగిలిన కార్యక్రమాలు విదేశాంగశాఖలో కలిసిపోయాయి. దానిని నమ్ముకొని ఆసుపత్రులు, ఆహారకేంద్రాలు నడుపుకొన్న పేదదేశాలు ఒక్క ఏడాదిలో దిక్కుతోచనివయ్యాయి. పరాయి దేశపు ఎన్నికలమీద మన తుపాను రక్షణ భవనం ఆధారపడరాదన్నది ఇందులోని గుణపాఠం.

సహాయంతో పాటు సైన్యం కూడా వస్తుంది. 2004లో సునామీ సహాయంకోసం చేతులు కలిపిన భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలే తరువాత ప్రాంతీయ భద్రతను చర్చించే నాలుగు దేశాల కూటమి అయ్యాయి. 2019 నవంబరులో భారత, అమెరికా సేనలు 'టైగర్ ట్రయంఫ్' పేరిట విశాఖ, కాకినాడ తీరాలలో విన్యాసాలు జరిపాయి. విపత్తు వేళ సహాయశిబిరం ఎట్లా నెలకొల్పాలి, వైద్యం ఎట్లా అందించాలి అన్నదే దాని ప్రకటిత లక్ష్యం. 2024లోను, 2025లోను అవి మళ్ళీ జరిగాయి. మన ఇసుకమీద పరాయి సేన అడుగుపెట్టరాదని కొందరంటారు. యుద్ధనౌకను తుపాను సహాయానికి వాడుకొంటే నష్టమేమిటని మరికొందరంటారు. ఇద్దరి మాటలోను కొంత సత్యం ఉన్నది. రోడ్లు కొట్టుకొనిపోయిన లంకగ్రామానికి మందులు చేర్చడంలో నౌకకు, హెలికాప్టరుకు సాటి లేదు. దానిని కాదనడం మొండితనం. కాని భద్రత పేరిట వచ్చే ధనానికి శత్రువు అవసరం. విపత్తు పేరిట వచ్చే ధనానికి బాధితుడు అవసరం. రెండింటినీ ఒకే సంచిలో వేస్తే, కాలక్రమాన శత్రువున్నచోటికే ధనం పోతుంది గాని బాధితుడున్నచోటికి పోదు. వ్యూహాత్మకమైన రేవుకు ఎత్తయిన గోడ దొరుకుతుంది, వ్యూహానికి పనికిరాని పల్లెకు ఇసుకబస్తాలే దక్కుతాయి. కనుక సహకారం ఉండవచ్చును, ఉండాలి. పద్దులు మాత్రం వేరుగా ఉండాలి.

మన స్వంత చట్టపు కథ కూడా ఆలోచింపదగినది. 2005 డిసెంబరులో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం రెండు విధాలైన నిధులను పేర్కొన్నది. విపత్తు వచ్చిన తరువాత ఖర్చు చేసేది ఒకటి. ముప్పును ముందుగా తగ్గించడానికి ఖర్చు చేసేది మరొకటి. మొదటిది ముందుగా ఏర్పడింది. రెండవదైన జాతీయ ఉపశమన నిధి 2021లో గాని ఏర్పడలేదు. అంటే ముందుచూపుకు పేరు పెట్టడానికీ దానికొక ఖాతా తెరవడానికీ నడుమ పదిహేను సంవత్సరాలు గడిచాయి! పదిహేనవ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి మొత్తం విపత్తు నిధులలో 20 శాతం ముప్పు నివారణకు, 10 శాతం సన్నాహానికి ప్రత్యేకించమన్నది. తక్కినదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకొనడానికే. అయినా అది ఒక మంచి ఆరంభమని అంగీకరించాలి.

అంతకన్న విచారకరమైనది మరొకటి ఉన్నది. ఆ చట్టంలోని 13వ విభాగం, తీవ్రమైన విపత్తులో నష్టపోయినవారి ఋణాల చెల్లింపులో సడలింపునకు, సులభ షరతులమీద కొత్త ఋణాలకు సిఫారసు చేసే అధికారాన్ని జాతీయ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. 2025 సవరణలో ఆ విభాగాన్ని తొలగించారు. నగరాలకు ప్రత్యేక ప్రాధికార సంస్థలు, రాష్ట్రాలకు సహాయదళాలు కల్పించిన సవరణే ఈ ఆసరాను తీసివేసింది. డెల్టాలో కోతకు సిద్ధమైన వరి నవంబరు వానలో నీటిపాలైతే ఆ నష్టం ఎవరిది? భూమి స్వంతదారుది సగం. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన కౌలు రైతుది పూర్తిగా. రాజ్యం తుపాను పేరు చెప్పి ప్రపంచ బ్యాంకువద్ద దీర్ఘకాలిక ఋణం పొందగలదు; అదే తుపానులో మునిగిన కౌలు రైతు తన స్వల్ప ఋణానికి గడువు అడగడానికి చట్టంలో ఉన్న ఒక్క వాక్యాన్నీ కోల్పోయాడు. వాడుక తక్కువగా ఉన్నదన్నది ఆ వాక్యాన్ని తీసివేయడానికి కారణం కాజాలదు. వాడుకలోకి తేవలసిన బాధ్యతను అది గుర్తుచేస్తుంది.

కనుక విపత్తు సన్నాహానికి, పొరుగుదేశాల సహాయానికి ధనం కేటాయించే చట్టం రావలసినదేనని నా అభిప్రాయం. అయితే అందులో ఈ అంశాలు ఉండాలి. సన్నాహానికి ఏటా నిర్ణీత భాగం కేటాయించాలి. సంవత్సరం ముగిసినంతనే అది మురిగిపోకుండా నిలువ ఉండాలి. భవనం కట్టడానికే గాక దాని నిర్వహణకు కూడా అందులో వాటా ఉండాలి. తలుపులు ఊడి, నీటికుళాయి ఎండిన రక్షణభవనం ఉప్పెననాడు ఎవరినీ రక్షించదు. విదేశాలనుండి వచ్చినది దానమో ఋణమో స్పష్టంగా పేర్కొని, షరతులతో సహా శాసనసభలో ఉంచాలి. భద్రతా వ్యయం, సహాయ వ్యయం వేర్వేరు పద్దులుగా చూపాలి. మనం ఇచ్చేదైనా, మనకు వచ్చేదైనా బాధితుని కులం, మతం, పార్టీ, దేశం చూడకుండా అవసరాన్నే కొలమానంగా గ్రహించాలి. 13వ విభాగాన్ని పునరుద్ధరించి, కౌలు రైతును, పడవ కోల్పోయిన మత్స్యకారుని పేరుపెట్టి అందులో చేర్చాలి.

ఇంట్లో పేదలుండగా పొరుగు దేశాలకు ధనమెందుకని ప్రశ్నించేవారున్నారు. సునామీ సుమత్రా సమీపంలో పుట్టి రెండు మూడు గంటల్లో మన తీరానికి చేరింది. అక్కడి సముద్రంలో ఉంచిన యంత్రం పంపిన వార్త ఇక్కడి జాలరిని బ్రతికిస్తుంది. మయన్మార్ తీరంలో మడ అడవి నిలిస్తే అక్కడి పల్లె నిలుస్తుంది; అక్కడ నేర్చిన పాఠం మన కోరంగి మడ అడవులకు పనికివస్తుంది. పొరుగువాని కట్టకు పడిన గండి పూడ్చడంలో మన స్వార్థం కూడా ఉన్నది. ఆ స్వార్థాన్ని దాచుకొనవలసిన పని లేదు, లెక్కలో వ్రాసుకొంటే చాలును.

విద్యార్థి మిత్రులారా! చట్టాలు ఢిల్లీలో తయారైనా, వాటి మంచిచెడ్డలు తేలేది తీరంలోనే. బంగ్లాదేశ్‌లో మెగాఫోను పట్టుకొన్న చేతులు మీవంటి యువతీయువకులవే. జాతీయ సేవా పథకంలో ఉన్నవారు మీ మీ గ్రామాల్లో రక్షణభవనం ఎక్కడున్నదో, దాని తాళంచెవి ఎవరివద్ద ఉన్నదో, నడవలేని వృద్ధులు ఎందరున్నారో, గర్భిణీ స్త్రీలు ఎక్కడున్నారో ఒక పట్టిక తయారుచేయండి. తెలుగు, ఉర్దూ రెండు భాషలలోను హెచ్చరికను చదివి వినిపించగలవారు ఈ కళాశాలలో ఉన్నంతమంది మరెక్కడ దొరుకుతారు? కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి కూడా ఒకటున్నది. ఎత్తుగా, దృఢంగా ఉన్న ఈ కట్టడాన్ని అవసరమైననాడు అన్ని మతాల, అన్ని కులాల వారికీ ఆశ్రయంగా తెరుస్తామని తీర్మానించి, ప్రథమచికిత్స శిక్షణకు, నిలువనీటికి, దీపానికి వార్షిక బడ్జెటులో చిన్న పద్దు ఒకటి చేర్చవలసినదిగా కోరుతున్నాను. పార్లమెంటును అడగదలచిన దానిని ముందుగా మన కళాశాలలో ఆచరించి చూపితే, అడిగే నోటికి అర్హత వస్తుంది.

గాలి ఏ దేశం నుండి వీచినా ఎగిరిపోయేది పేదవాని ఇంటి కప్పే. ఆ కప్పును గట్టిపరచడానికి అయ్యే ఖర్చును ముందుగానే వ్రాసుకొనే ప్రభుత్వం వివేకం గలది. ఆ ఖర్చును తమ హక్కుగా అడగగలిగిన ప్రజలు మేలుకొన్నవారు.